రెండు జతల సాక్సులతో పాదాలు వెచ్చబడవు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం మొదలవగానే తెలుగు పత్రికల ప్రవాసుల పేజీల్లో ఒక సలహా ఏటా తప్పకుండా కనిపిస్తుంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండేవాళ్ళు మందపాటి సాక్సులు రెండు జతలు వేసుకోవాలని, దొరికినవాటిలోకల్లా బరువైన బూట్లు కొనుక్కోవాలని. ఇంట్లోంచి కారుకీ, కారులోంచి ఆఫీసుకీ నడిచే మనిషికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ అడవుల్లో జింకల వేటకు వెళ్ళే తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈ సలహా నమ్ముకుని తెల్లవారుజామున చెట్టెక్కి కూర్చున్నవాళ్ళు రెండు గంటలు తిరక్కుండానే కాలివేళ్ళు కొంకర్లు పోయి దిగి వచ్చేస్తారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాం. వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. మన పత్రికల్లో ‘వేట నిషేధం’ అని శీర్షిక పడితే అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట ఆపే 61 రోజుల గురించే. మేం చెప్పేది అమెరికాలో లైసెన్సు తీసుకుని, నిర్ణీత రోజుల్లో, నిర్ణీత సంఖ్యలో చేసే వేట గురించి. అక్కడ కూడా హెచ్‌-1బీ వంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రం చట్టంలో ఉన్నాయి. అది తేల్చుకోకుండా స్నేహితుడి తుపాకి చేతిలోకి తీసుకోవద్దు.

ఇక విషయానికి. మిన్నెసోటాలో తుపాకి వేట నవంబరు తొలి రోజుల్లో ఒక శనివారం మొదలవుతుంది. విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్ పండుగకు (నవంబరు నాలుగో గురువారం) ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. కాల్చడానికి సూర్యోదయానికి అరగంట ముందునుంచీ అనుమతి కాబట్టి, అంతకన్నా ముందే చీకట్లో నడిచి వెళ్ళి మంచె ఎక్కాలి. ట్రీ స్టాండ్ అంటే మన జొన్నచేలో మంచె లాంటిదే. కాకపోతే ఇనుముతోనో అల్యూమినియంతోనో చేసి, చెట్టుకు పట్టీలతో బిగించి ఉంటుంది. అక్కడ నాలుగైదు గంటలు కదలకుండా మాటు వేయాలి. ఉష్ణోగ్రత 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, అంటే మైనస్ 7 సెల్సియస్. డిసెంబరులో మజిల్‌లోడర్ (గొట్టం ముందునుంచి మందుగుండు కూరే తుపాకి) వేటకల్లా సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18, కూడా మామూలే. అరగంట నడక, ఆ వెంటనే నాలుగు గంటల కూర్చోవడం. కాళ్ళు చెడిపోయేది ఈ రెండింటి మధ్యే.

ఒంట్లో వేడి పుట్టించేవి కండా, లోపలి అవయవాలూ. కాలివేళ్ళలో కండ లేనట్టే, ఉన్నదంతా ఎముక, నరం, తోలు. పాదానికి వేడి రక్తంతోనే రావాలి. ఛాతీ, పొట్ట కాస్త చల్లబడగానే శరీరం గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి కాళ్ళూ చేతుల్లోని సన్న రక్తనాళాలను బిగించేస్తుంది. ఆ పైన బూటు ఎంత మందంగా ఉన్నా లాభం ఉండదు, ఎందుకంటే బూటు వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని నిలుపుతుందంతే. బిగిసిన నాళాలు కొంతసేపటికి ఒకసారి తెరుచుకుని, కాస్త వెచ్చని రక్తం వదిలి, మళ్ళీ మూసుకుంటాయి. 1930లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ ఈ సంగతి వర్ణించి, దానికి పెట్టిన పేరు ‘హంటింగ్ రియాక్షన్’. వేటగాళ్ళకూ ఆ పేరుకూ సంబంధం లేదు. నాళం అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు ఊగిసలాడుతుందని ఆ మాట వాడాడు. ఉష్ణమండలంలో పెరిగినవాళ్ళలో ఇది చలిదేశాలవాళ్ళలో ఉన్నంత చురుగ్గా కనబడదు. పక్క మంచె మీది నార్వే మూలాల పెద్దాయన మామూలు బూట్లతో మధ్యాహ్నం దాకా కూర్చున్నాడని మనమూ కూర్చోగలం అనుకోకూడదు.

రెండో శత్రువు చెమట. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. సాక్సు వెచ్చగా ఉంచేది దాని పోగుల మధ్య నిలిచిన గాలితోనే. ఆ గాలి ఉండాల్సిన చోట చెమట చేరితే, కాలికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నట్టే. నడుస్తున్నంతసేపూ కాలు వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఇది తెలియదు. మంచె ఎక్కిన ముప్పావుగంటకు తెలుస్తుంది.

దీనికి చరిత్రలో పెద్ద సాక్ష్యమే ఉంది. 1950 నవంబరు, డిసెంబరు నెలల్లో కొరియాలో చోసిన్ జలాశయం దగ్గర అమెరికా సైనికులు వేసుకున్నవి షూపాక్ అనే బూట్లు. అడుగుభాగం రబ్బరు, పైభాగం తోలు, లోపల ఫెల్ట్ (ఒత్తి గట్టిపరిచిన ఉన్ని) అట్ట. కొండదారుల్లో నడుస్తుంటే రబ్బరులో కాలు చెమటకు నానిపోయేది. ఆగి కాపలా కూర్చోగానే ఆ చెమటే గడ్డకట్టేది. వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు లెక్కకు మిక్కిలి. ఆ తర్వాతే సైన్యం రెండు రబ్బరు పొరల మధ్య ఉన్నిని మూసివేసి కొత్త బూటు తెచ్చింది. నల్లదాన్ని జనం మిక్కీ మౌస్ బూటు అన్నారు, మరింత చలికి పనికొచ్చే తెల్లదాన్ని బన్నీ బూటు అన్నారు. లోపల కాలికి చెమట పడుతుంది గాని ఆ తడి ఉన్నిదాకా చేరదు. ఈనాటికీ మిలిటరీ మిగులు సరుకుల దుకాణాల్లో పాతవి దొరుకుతాయి. కూర్చునే వేటకు వాటిని మించినవి తక్కువ. నడకకు మాత్రం కాళ్ళకు రెండు పుచ్చకాయలు కట్టుకున్నట్టుంటుంది.

కాబట్టి పని ముందు రాత్రి నుంచే మొదలవ్వాలి. నిజానికి నాలుగైదు రాత్రుల ముందు నుంచి. అరికాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, చంకలకు వాడే యాంటీపెర్స్‌పిరెంట్‌ను, అల్యూమినియం లవణం ఉన్నదాన్ని, వాసన లేనిదాన్ని పట్టించి పడుకోవాలి. డియోడరెంట్ అన్నది వేరు, అది వాసనను కప్పుతుందే గాని చెమటను ఆపదు. చర్మం మండినా పగిలినా మానెయ్యాలి. టాల్కమ్ పౌడరు చెమటను ఆపదు. రెండు గంటలకు ముద్దకట్టి వేళ్ళ మధ్య ఒరుసుకుంటుంది.

మనవాళ్ళలో కొందరు పాదాలకు అమృతాంజనమో కర్పూరం కలిపిన నూనెనో రాసుకుని వెళ్తారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఇచ్చిన అమృతాంజనం తలనొప్పికి మంచిదే. అరికాలికి మాత్రం అది వెచ్చదనపు భ్రమ. చర్మం చురుక్కుమంటుంది తప్ప పాదంలో వేడి పెరగదు. పైగా ఆ చురుకులో అసలు చలినొప్పి తెలియకుండా పోతుంది. నూనె ఉన్నికి పడితే పోగులు అట్టకట్టేస్తాయి. ఆ ఘాటుకు జింక ఎటూ దగ్గరికి రాదనుకోండి.

కారులో చేసే తప్పు ఇంకొకటి. వేట బూట్లు ఇంట్లోనే తొడుక్కుని, హీటరు కాళ్ళమీదికి పెట్టుకుని గంట సేపు నడుపుతారు. అడవి చేరేసరికి సాక్సు తడిసి ఉంటుంది, దిగకముందే ఆట ముగిసినట్టే. కారులో మామూలు చెప్పులో పలచని బూట్లో వేసుకోవాలి. వేట బూట్లు మాత్రం డిక్కీలో కాకుండా సీట్ల దగ్గర, వెచ్చగా ఉండేచోట పెట్టాలి. రాత్రంతా డిక్కీలో ఉన్న బూటు ఇనుపముక్కలా చల్లబడి ఉంటుంది. దాన్ని వెచ్చబరిచే భారమంతా మీ పాదం మీదే పడుతుంది.

నడకకు తేలిక బూట్లు, పలచని సింథటిక్ సాక్సులు. బరువైన బూట్లు లేసులు ముడేసి సంచికి తగిలించుకోవాలి. బరువు కోటు కూడా సంచి మీదే. బయలుదేరేటప్పుడు ఒంటికి కాస్త చలి వేస్తుండాలి, వెయ్యకపోతే ఎక్కువ బట్టలు వేసుకున్నట్టు లెక్క. అరమైలు, అంటే 800 మీటర్ల దూరాన్ని అరగంటలో నడవండి. పది నిమిషాల్లో వెళ్ళగలమని మాకూ తెలుసు. రెండో జత బూట్లు మొయ్యడం ఇష్టం లేనివాళ్ళు కనీసం పై రెండు కొక్కేలు వదిలేసి, చీలమండ దగ్గర గాలి ఆడేటట్టు లేసు వదులుగా కట్టుకోవాలి.

చెట్టు మొదట్లో చేసే పని మీదే రోజంతా ఆధారపడుతుంది. ఫోమ్ ముక్క వేసుకుని కూర్చోండి. బూటూ సాక్సూ విప్పండి. చిన్న తువ్వాలుతో అరికాలు, వేళ్ళ సందులు ఒత్తి తుడవండి. పాదాన్ని అరనిమిషం గాలికి వదలండి. ఆవిరి లేవడం కనిపిస్తుంది, అది తగ్గేదాకా ఆగండి. పొడి సాక్సులను నడిచినంతసేపూ చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని తెచ్చి ఉంటారు కాబట్టి అవి వెచ్చగా ఉంటాయి. అవి తొడిగి, బరువైన బూట్లలో కాళ్ళు పెట్టండి. తడిసినవి జిప్ సంచిలో వేసి మూయండి. ఒక్కో కాలు విప్పి తొడుక్కోవాలి, రెండు పాదాలూ ఒకేసారి బయట పెట్టవద్దు. అయిదు నిమిషాల పని. చీకట్లో వెల్‌క్రో చప్పుడు చేస్తుందని దీన్ని మానేసేవాళ్ళు తొమ్మిదింటికల్లా మంచె దిగుతారు, ఆ దిగే చప్పుడు అడవి మొత్తానికీ వినిపిస్తుంది.

సాక్సుల లెక్క ఇది. లోపల ఒక పలచని పొర, పాలీప్రొపిలీన్ అనే సింథటిక్ గాని, పలచని మెరినో (సన్నరకం గొర్రె ఉన్ని) గాని. దాని మీద ఒకటే మందపాటి ఉన్ని సాక్సు. పత్తి అసలు వద్దు. పత్తి నీటిని పోగులోకి పీల్చుకుని, కూలబడి, గాలిని బయటికి నెట్టేస్తుంది. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు, పోగు నిటారుగానే నిలుస్తుంది. తెలంగాణలో గొంగడి కప్పుకుని వానలో మంద కాసే కాపరికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొనేటప్పుడు అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. ముందు పెద్దగా ‘మెరినో’ అని వేసి, వెనక నూటికి ఇరవై పాళ్ళే ఉన్నవి బోలెడు. అరవైకి పైన ఉంటే మేలు. నూటికి నూరు పాళ్ళు ఉన్ని అయితే మడమ దగ్గర తొందరగా చిరుగుతుంది, అందుకని కొంత నైలాన్ ఉండాలి. పిక్క మీద ఎలాస్టిక్ గాడి పడేటంత బిగువుగా ఉంటే అది వేటకు పనికిరాదు.

రెండు మందపాటి జతలు ఎందుకు వద్దంటున్నామో చూడండి. ఒక సాక్సుకు సరిపోయే బూటులో రెండు దూరిస్తే ఉన్ని నలిగి పలచబడుతుంది, దానిలో గాలి పోతుంది. అంతకన్నా ముఖ్యం, పాదం నొక్కుకుపోయి రక్తం వేళ్ళదాకా వెళ్ళదు. మందం రెట్టింపు చేశామనుకుంటాం, వచ్చే వేడిని దారిలోనే ఆపేస్తాం. బూటు ఒక సైజు పెద్దదైతే అది వేరే మాట. కొనేటప్పుడు వేటకు వేసుకునే సాక్సులు తొడుక్కునే దుకాణానికి వెళ్ళాలి. లోపలి ఇన్‌సోల్ బయటకు తీసి దాని మీద నిలబడితే వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత జాగా మిగలాలి. బూటు వేసుకుని లేసు కట్టాక, అయిదు వేళ్ళూ పియానో వాయించినట్టు ఆడాలి. ఆడకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా వదిలేయండి.

బూటు మీద 400, 800, 1200, 2000 గ్రాములని రాసి ఉంటుంది. అది బూటు బరువని చాలామంది పొరబడతారు. థిన్సులేట్ వంటి దూది పొర చదరపు మీటరుకు ఎన్ని గ్రాములున్నదో ఆ అంకె చెబుతుంది. నడిచే వేటకు 400 చాలు. పది నుంచి ముప్పై డిగ్రీల ఫారెన్‌హీట్‌లో కూర్చునేవాళ్ళకు 800 నుంచి 1200. సున్నా చుట్టుపక్కలైతే 2000 తీసుకోవచ్చు. కానీ 2000 గ్రాముల బూటుతో అరమైలు నడిచారా, చెమట ఖాయం. డబ్బాల మీద ‘మైనస్ 40 దాకా’ అని రాసే అంకెను మేం పట్టించుకోం. ఆ అంకె కాలు కదుపుతున్న మనిషికా, కూర్చున్న మనిషికా అన్నది డబ్బా చెప్పదు.

మా ఓటు పాక్ బూట్లకు. రబ్బరు అడుగు, తోలు పైభాగం, లోపల విడిగా బయటకు వచ్చే ఫెల్ట్ లైనరు, అంటే లోపలి తొడుగు. ఈ జాతి బూటుకు పేరు తెచ్చినది మెయిన్ రాష్ట్రానికి చెందిన లియాన్ లియాన్‌వుడ్ బీన్. 1912లో ఆయన అమ్మిన మొదటి వంద జతల్లో 90 తిరిగి వచ్చాయి, తోలును రబ్బరుకు కుట్టినచోట ఊడిపోయాయి. అందరికీ డబ్బు వాపసు ఇచ్చి మళ్ళీ చేయించాడు. ఏ కంపెనీ పాక్ బూటు కొన్నా ముందు చూడాల్సింది ఇప్పటికీ ఆ కుట్టే. బూటును ఆ కుట్టు మునిగేదాకా నీళ్ళ బకెట్లో పది నిమిషాలు నిలబెట్టి, లోపల పొడి కాగితం పెట్టి చూస్తే కారుతుందో లేదో తేలిపోతుంది.

లైనరు విడిగా రావడంలో గొప్ప ఏమిటంటే, చెమట ఎక్కడికి పోయిందో కంటికి కనిపిస్తుంది. సాయంత్రం బూటులోంచి లైనరు లాగి బొటనవేలి వైపు చూడండి. ఫెల్టు బయటివైపున, రబ్బరుకు ఆనినచోట, తెల్లగా ఉప్పు పేరినట్టు మంచు ఉంటుంది. గోటితో గీస్తే రాలుతుంది. రోజంతా పాదంలోంచి బయలుదేరిన ఆవిరి ఉన్నిలోంచి ప్రయాణించి, చల్లని రబ్బరు తగిలి అక్కడ గడ్డకట్టింది. దాన్ని అలాగే వదిలి మర్నాడు వేసుకుంటే, అరగంటలో కరిగి సాక్సులోకి దిగుతుంది. అందుకే రెండు జతల లైనర్లు ఉండాలి. రెండు జతలు కొనాల్సినవి సాక్సులు కావు, ఇవి.

లైనర్లు ఒకటే జత ఉండి, 20 ఫారెన్‌హీట్‌కు దిగువ రోజంతా కూర్చోవాలంటే పాత ఉపాయం ఒకటుంది. లోపలి పలచని సాక్సు మీద బ్రెడ్డు వచ్చే ప్లాస్టిక్ సంచి తొడిగి, దాని మీద ఉన్ని సాక్సు. బన్నీ బూటు సూత్రమే ఇది. కాలు చెమ్మగా ఉంటుంది గాని ఉన్ని పొడిగా ఉంటుంది. అయితే సాయంత్రం తప్పనిసరిగా విప్పి పాదాలు ఆరబెట్టాలి. రోజుల తరబడి తడిలో నానితే, మంచు కట్టకపోయినా పాదం చెడుతుంది. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో సైనికులకు వచ్చిన ట్రెంచ్‌ఫుట్ అదే.

ఉత్తర అమెరికా మూలవాసులైన ఇన్యూట్, క్రీ జాతులవాళ్ళ మక్‌లక్ అనే మెత్తని తోలు బూట్ల గురించి కూడా అడుగుతుంటారు. తోలు మెత్తన, వేళ్ళు ఆడతాయి, గాలి ఆడుతుంది, పొడిమంచులో అంత వెచ్చనివి లేవు. నవంబరు మొదట్లో 35 డిగ్రీల ఫారెన్‌హీట్ బురదమంచులో మాత్రం గంటలో నానిపోతాయి. అసలు జనవరి చలికన్నా ఈ తడి నవంబరే పాదాలకు ఎక్కువ చెరుపు.

ఇప్పుడు ఎవరూ రాయని సంగతి, మంచె నేల. ఇనుప జల్లెడ లాంటి పలక మీద బూటు ఆనించి నాలుగు గంటలు కూర్చుంటే, వేడి కింది నుంచి పోతుంది. బూట్లలో దూది పైభాగంలో ఎక్కువ, అడుగున తక్కువ. ఉన్న ఆ కాస్తా ఒంటి బరువుకు నలిగిపోతుంది. అంగుళం మందం, పద్దెనిమిది అంగుళాల చదరం ఉన్న ఫోమ్ ముక్క కాళ్ళ కింద వేసుకుంటే కలిగే తేడా వంద డాలర్ల ఖరీదైన బూటులో కూడా రాదు. తోటపనిలో మోకాళ్ళ కింద వేసుకునే మెత్త చక్కగా సరిపోతుంది. పరుపు స్పాంజి వద్దు, అది అణిగిపోతుంది, నీళ్ళు పీలుస్తుంది. తెల్ల థర్మోకోల్ అసలే వద్దు, బూటు రాసుకుంటే కీచుమంటుంది, వంద గజాల్లో జింక చెవులు రిక్కిస్తుంది. పాత కార్పెట్ ముక్క పైన కుట్టుకుంటే చప్పుడూ ఉండదు, జారదు. నాలుగు మూలలా తాడుతో పలకకు కట్టాలి, కట్టని ముక్క మంచు పడ్డాక మనిషినే కింద పడేస్తుంది. నేలమీద గుడారంలో కూర్చునేవాళ్ళు మంచు, తడి ఆకులు కాలితో పక్కకు నెట్టి, మట్టి కనిపించాక ఫోమ్ వేయాలి. బూటు లోపల కూడా సగం సెంటీమీటరుకు పైన మందమున్న ఉన్ని ఫెల్ట్ ఇన్‌సోల్ వేసుకోవచ్చు, వేళ్ళు ఆడేంత జాగా మిగిలితేనే.

కూర్చునే తీరు కూడా ముఖ్యం. సీటు అంచు తొడ వెనక కోసుకుంటే కాలికి వెళ్ళే రక్తం అక్కడే ఆగుతుంది. సీటు ఎత్తైతే కాళ్ళ కింద ఇంకో ఫోమ్ వేసి మోకాళ్ళు లేపండి. పావుగంటకోసారి బూటులోపలే వేళ్ళు యాభైసార్లు ముడిచి విప్పండి, మడమలు లేపి దించండి. బయటికి ఏమీ కదలదు, పిక్క కండ రక్తాన్ని తోస్తుంది. మోకాళ్ళ మీద ఉన్ని దుప్పటి, తలకు టోపీ, మెడకు మఫ్లరు ఉంటే వాటి లాభం పాదాల్లో కనిపిస్తుంది. తినడానికి వేరుశెనగ ఉండలో నువ్వులుండలో తెచ్చుకోండి, ప్లాస్టిక్ కాగితం విప్పి గుడ్డలో చుట్టుకోండి. సిగరెట్టు నాళాలను మరింత బిగిస్తుంది. మందు చర్మానికి వెచ్చదనం తెచ్చినట్టే తెచ్చి లోపలి వేడిని బయట పారబోస్తుంది. తుపాకి దగ్గర మందు మాట ఎటూ ఎత్తకూడదు.

వెచ్చబెట్టే ప్యాకెట్ల మీద ఫిర్యాదులు చాలా వింటుంటాం. వాటిలో ఉండేది ఇనుపపొడి, ఉప్పు, బొగ్గుపొడి, కాస్త నీరు. గాలి తగిలి ఇనుము తుప్పుపడుతుంటే వేడి పుడుతుంది. గాలి లేకపోతే వేడీ లేదు. బిగుతైన రబ్బరు బూటులో అరగంటకే చల్లారిపోయిందంటే సరుకు నకిలీది కానక్కర్లేదు, దానికి ఊపిరాడలేదు. చేతులకు వాడేవి బూటులో పెట్టవద్దు, వేళ్ళకని ప్రత్యేకంగా చేసినవి తక్కువ గాలితో పనిచేస్తాయి. పది నిమిషాల ముందే చించి గాలికి ఉంచి, సాక్సు మీద, వేళ్ళపైభాగాన అంటించండి. చర్మానికి నేరుగా తగలకూడదు, నిద్రపట్టినా మొద్దుబారినా కాలుతుంది. అయిదారు గంటలకు గట్టిపడి బిళ్ళలా అవుతుంది, అప్పుడు తీసేయండి. ముందే దిగిపోతే జిప్ సంచిలో గాలి పిండి మూసి పెట్టండి, మిగిలిన వేడి సాయంత్రానికి పనికొస్తుంది.

ఇంతకన్నా మంచి పద్ధతి బూటు పైన తొడిగే పెద్ద కవర్లు. ఒంటికి భద్రతా పట్టీలు కట్టుకుని, మంచె ఎక్కి, కూర్చున్నాకే బూట్లతో సహా కాళ్ళు వాటిలో పెట్టాలి. వాటితో మెట్లు ఎక్కడం దిగడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ప్యాకెట్లను బూటులో కాకుండా ఈ కవర్లో, బూటు ముందుభాగం మీద వేస్తే గాలి ఆడుతుంది, వేడి నిలుస్తుంది, వేళ్ళు నొక్కుకోవు. బ్యాటరీ సాక్సులూ పనిచేస్తాయి, కాకపోతే కాళ్ళు చల్లబడ్డాక పెద్ద సెట్టింగు పెట్టేకంటే మొదటి నుంచీ చిన్నదానిలో ఉంచాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

ఇవన్నీ చేసినా కాళ్ళు మొద్దుబారే రోజు వస్తుంది. మొదట నొప్పి, తర్వాత సూదులు గుచ్చినట్టు, ఆ తర్వాత ఏమీ తెలియదు. ఆ ఏమీ తెలియకపోవడాన్ని చాలామంది సర్దుకుందనుకుంటారు. అప్పుడే దిగాలి, అదీ మెల్లగా, స్పర్శ లేని కాలు మెట్టు మీద ఉందో లేదో కళ్ళతో చూసుకుంటూ. ఫ్రాస్ట్‌బైట్‌కు, అంటే చలికి చర్మమూ కండా గడ్డకట్టినప్పుడు, చర్మం తెల్లబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మన రంగు చర్మంలో అంత తెల్లగా కనబడదు, బూడిద రంగుగా, మైనం పూసినట్టు, నొక్కితే గట్టిగా ఉంటుంది. ఒక వేలిని పక్క వేలితో పోల్చి చూడండి. రుద్దవద్దు, మంచు రాయవద్దు, పొయ్యి దగ్గరో కారు హీటరు దగ్గరో పెట్టవద్దు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్, అంటే 99 నుంచి 102 ఫారెన్‌హీట్, నీళ్ళలో పదిహేను నుంచి ముప్పై నిమిషాలు ఉంచాలి, నీళ్ళు చల్లారకుండా చూస్తూ. మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉంటే, లేదా ఇంకా మైలు నడవాల్సి ఉంటే, అప్పుడే కరిగించవద్దు. కరిగి మళ్ళీ గడ్డకడితే వేలు దక్కడం కష్టం. పొక్కులొచ్చినా రంగు తిరక్కపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తపు గడ్డలు కరిగించే మందు మొదటి 24 గంటల్లో అయితేనే పనిచేస్తుంది. తీవ్రమైన ఫ్రాస్ట్‌బైట్‌కు ఐలోప్రోస్ట్ ఇంజెక్షన్‌ను కూడా 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. రేపు చూద్దాంలే అనుకుంటే వేలు పోతుంది.

మధుమేహం మన ఇళ్ళలో మామూలు కాబట్టి ఇది విడిగా చెప్పాలి. పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళకు చలినొప్పి అనే హెచ్చరిక అందదు, ప్యాకెట్టు కాల్చినా తెలియదు. వాళ్ళు వెచ్చబెట్టే ప్యాకెట్లు గాని బ్యాటరీ సాక్సులు గాని వాడకుండా, గంటకోసారి బూటు విప్పి పాదాలు కళ్ళతో చూసుకోవాలి. అది కుదరదంటే గాజు కిటికీలూ హీటరూ ఉన్న పెట్టె మంచె ఎంచుకోవాలి.

ఇంటికొచ్చాక లైనర్లు, ఇన్‌సోల్‌లు బయటకు లాగి విడివిడిగా ఆరబెట్టాలి. పొయ్యికి మూడడుగుల దూరంలో, వేడి కొద్దిగా తగిలేచోట. దగ్గర పెడితే ఫెల్టు కుంచించుకుపోతుంది, తోలు పగులుతుంది, రబ్బరు అతుకు వదులుతుంది. బూట్లు ఆరబెట్టే డ్రయ్యరు లేనివాళ్ళు బూటు నిండా దినపత్రిక ఉండలు కుక్కి, గంట తర్వాత తీసి కొత్తవి పెట్టి, పడుకోబోయే ముందు ఇంకోసారి మార్చాలి. మీ పత్రిక ఇక్కడికి తెరమీదే వస్తుంది గాని కాగితంగా రాదు, అందుకని ఈ సేవ ఇంగ్లీషు పత్రికల చేత చేయించుకుంటున్నాం.

వచ్చే చలికాలం ఆ సాక్సుల సలహా మళ్ళీ అచ్చుకు వెళ్ళేటప్పుడు, ‘బూటు ఒక సైజు పెద్దదైతేనే’ అన్న మాట దాని పక్కన చేర్చమని మా మనవి.

— మిన్నెసోటా నుంచి కొందరు పాఠకులు